రైల్లో జారిపోయిన ఇంటిపేరు

డచ్చివారు వెళ్లిపోయినా మచిలీపట్నంలో వారి పేరు మిగిలింది. జంషెడ్‌పూర్‌లోని భాలుబాసాలో తెలుగువారు మిగిలారు, వారి ఇంటిపేర్లే జారిపోతున్నాయి.

టాటానగర్ స్టేషన్‌లో దిగి షేర్ ఆటో ఎక్కితే జుగ్సలాయి ఇరుకు, బిష్టుపూర్ దుకాణాలు, ఉక్కు ఫ్యాక్టరీ పొడవాటి గోడ దాటి సాక్చి గోల్ చక్కర్ వస్తుంది. అక్కడి నుంచి సీతారామ్‌డేరా, అగ్రికోల వైపు వెళ్తే భాలుబాసా. టూరిస్టు పుస్తకాల్లో ఈ పేరు కనిపించదు. చూడడానికి కోటా లేదు, జలపాతమూ లేదు. పక్కపక్కనే ఇళ్లు, చిన్న కొట్లు, సందు మొదట్లో గుడి, షిఫ్టు మారే వేళ పెరిగే సైకిళ్లు, మోటారు సైకిళ్ల రద్దీ. అరగంట నిలబడితే హిందీతో పాటు ఛత్తీస్‌గఢీ, ఒడియా, భోజ్‌పురి, మధ్యలో ఎక్కడో ఉత్తరాంధ్ర యాసతో తెలుగు చెవిన పడతాయి.

జంషెడ్‌పూర్ బస్తీల పేర్లు చదివితే ఊరు ఎలా పుట్టిందో తెలిసిపోతుంది. ధత్కీడీహ్, కాశీడీహ్, భుయ్యాడీహ్‌లలోని ‘డీహ్’ అంటే పాత ఊరు. సీతారామ్‌డేరాలోని ‘డేరా’ అంటే తాత్కాలిక మకాం. భాలుబాసాలోని ‘భాలు’ ఎలుగుబంటి, ‘బాసా’ నివాసం. తెలుగువాడి చెవికి అది ‘బస’కు చుట్టంలా వినిపిస్తుంది. ఎలుగుబంటి బస ఇప్పుడు మనుషుల బస. అలా బస చేసినవారిలో చాలామంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారే. రెండేళ్లు పనిచేసి వెళ్లిపోదామనుకున్నవారి మనవలు, మునిమనవలు ఇప్పుడు ఇక్కడ ఓటర్లు.

ఆ మునిమనవల్లో ఒక తెలుగు కుర్రాడిని పేరడిగితే రావు అంటాడు. ఇంటిపేరు అడిగితే మళ్లీ రావు అనే అంటాడు. అది ఇంటిపేరు కాదంటే నవ్వుతాడు. ఆధార్‌లో, పాన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో అదే ఉంది మరి. అసలు ఇంటిపేరు తాతకు తెలుసు, తాత లేడు. నాయనమ్మకు తెలుసు, ఆమెను ఎవరూ అడగలేదు. జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఇది కొత్త అనుభవమేమీ కాదు.

ఊళ్ళో ఉన్నవాడికి ఊరి పేరెందుకు?

జంషెడ్‌జీ టాటా కలగన్న ఉక్కు కర్మాగారానికి కంపెనీ పెట్టింది 1907లో. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దగ్గర్లో సాక్చి అనే పల్లె పక్కన 1908లో పని మొదలైంది. 1911 చివర్లో ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు వచ్చాయి. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటీ స్టేషన్ టాటానగర్ అయింది. అంటే ఈ ఊరికే ఇది రెండో పేరు. జూలియన్ కెనెడీ, ఎఫ్.సి. టెంపుల్, ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ వంటివారు వేర్వేరు దశల్లో పట్టణానికి ప్లాన్లు గీశారు. బంగళాలు, క్వార్టర్లు, చెట్ల నీడ రోడ్లు ఆ ప్లాన్ల ప్రకారమే వచ్చాయి. క్వార్టరు దొరకని జనంతో బస్తీలు పెరిగాయి.

తెలుగువారిని ఇక్కడికి తెచ్చింది బెంగాల్-నాగపూర్ రైల్వే. వాల్తేరు, శ్రీకాకుళం, బరంపురం మీదుగా వచ్చే లైను ఖరగ్‌పూర్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి టాటానగర్ సుమారు 135 కిలోమీటర్లు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుల్లో, కలకత్తా జనపనార మిల్లుల్లో, అస్సాం తేయాకు తోటల్లో, బర్మా రేవుల్లో విశాఖ, గంజాం జిల్లాల కూలీలు చేరినట్లే టాటా కంపెనీలోనూ చేరారు. వానలు తప్పిన ఏడాది, అప్పు తీరని ఏడాది రైలెక్కేవారు ఎక్కువ. ఒకడు ఎక్కి కుదురుకుంటే తమ్ముడూ బావమరిదీ వచ్చేవారు. కదమాలో ఆంధ్ర అసోసియేషన్, బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి గుర్తులే.

ఇంటిపేరు గొప్పతనం వలసలోనే అర్థమవుతుంది. ఒక ఊళ్ళో అందరూ ఆ ఊరివారే అయినప్పుడు ఎవరినీ ఊరి పేరుతో పిలవరు. వేరే ఊరు వెళ్లాకే ఆ పేరు అంటుకుంటుంది. విజయనగరం సంస్థానాధీశులు పూసపాటివారు. కృష్ణా ప్రాంతంలోని పూసపాడు తమ మూలమని వారి వంశచరిత్ర చెబుతుంది. 1713లో విజయనగరం కోట కట్టిన తర్వాతా ఆ పల్లెటూరి పేరు వారిని వదలలేదు. ‘కన్యాశుల్కం’ రాసిన గురజాడ అప్పారావు విజయనగరం మనిషి, ఆయన ఇంటిపేరు మాత్రం కృష్ణా జిల్లాలోని గురజాడ గ్రామానిది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణి దగ్గర, ఇంటిపేరులో ఉన్నది నెల్లూరు జిల్లా సర్వేపల్లి. ఇంటిపేరంటే పూర్వీకులు వదిలి వచ్చిన ఊరి చిరునామా. ఎప్పుడో బయల్దేరారనడానికి చాలా కుటుంబాలకు మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం.

వ్యాకరణం కూడా ఆ మాటే చెబుతుంది. పూసపాడు, ‘వారు’ కలిస్తే పూసపాటివారు. ఊరు ‘ఊరి’ అవుతుంది, పాడు ‘పాటి’ అవుతుంది. చివర్లో వచ్చే ఆ చిన్న మార్పుకు అర్థం ‘ఆ ఊరికి చెందిన’ అని. తెలుగు ఇంటిపేర్లలో వేల సంఖ్యలో కనిపించే ఈ పద్ధతి సముద్రం అవతల ఇంకో జాతికీ బాగా తెలుసు.

‘వాన్’ అంటే ‘ఆ ఊరి’

డచ్చివారి పేర్లలో తరచూ కనిపించే ‘వాన్’కు అర్థం సరిగ్గా అదే. వాన్ లేవెన్ అంటే లేవెన్ ఊరి మనిషి. వాన్ డెన్ బెర్గ్ అంటే కొండ దగ్గరివాడు. వాన్ డైక్ అంటే గట్టు దగ్గరివాడు. తెలుగులోనూ కొండ, గట్టు ఇంటిపేర్లు ఉన్నాయి. విస్సర్ అంటే జాలరి, ముల్డర్ అంటే పిండిమర నడిపేవాడు, బక్కర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. మన దగ్గర ఊరి లెక్కలు రాసే వృత్తి పేరు ‘కరణం’ ఇంటిపేరైంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి మల్లీశ్వరి ఇంటిపేరు అదే. డి లాంగె అంటే పొడుగువాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం ప్రాణాలిచ్చిన శ్రీరాములు ఇంటిపేరు పొట్టి. మనుషులు ఎక్కడైనా ఒకరినొకరు గుర్తుపట్టే పద్ధతులు నాలుగే: ఊరు, వృత్తి, తండ్రి, రూపం.

డచ్చి ఇంటిపేర్ల గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. 1811లో నెపోలియన్ అందరూ ఇంటిపేరు నమోదు చేయించుకోవాలని ఆజ్ఞ ఇస్తే, ఎలాగూ ఫ్రెంచివాళ్లు వెళ్లిపోతారు కదా అని జనం వేళాకోళానికి వింత పేర్లు రాయించుకున్నారట. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. ఆజ్ఞ నిజమే. అయితే అప్పటికే చాలామందికి ఇంటిపేర్లున్నాయి. లేనిది ముఖ్యంగా ఫ్రీస్‌లాండ్ వంటి ఉత్తర, తూర్పు ప్రాంతాల్లోని పల్లెజనానికి. తండ్రి పేరే కొడుకుకు గుర్తుగా సాగిన ఆ ఇళ్లలో 1811 పెద్ద మలుపు. అప్పటి నుంచి జనన, వివాహ, మరణాల రిజిస్టర్లు వరుసగా ఉన్నాయి. ఇంటిపేరు మూలం వెతకాలనుకునే డచ్చి మనిషి పని ఆ రిజిస్టరు ముందు కూర్చుంటే సగం అయిపోయినట్లే.

సముద్రం దాటినవారి పేర్లు మాత్రం అక్కడా చెదిరాయి. యూట్రెక్ట్ దగ్గరి డి బిల్ట్ ఊరి నుంచి 1650 ప్రాంతంలో అమెరికా చేరిన యాన్ ఆర్ట్‌సన్ వెట్టి ఒప్పందపు కూలీ. ఆయన సంతతి ‘ఆ బిల్ట్ ఊరివారు’ అనే అర్థంలో వాండర్‌బిల్ట్ అయింది. తర్వాత అమెరికాలోకెల్లా ధనిక కుటుంబాల్లో ఒకటైంది. అదే కాలంలో వెళ్లిన క్లాస్ వాన్ రోసెన్‌వెల్ట్ కొడుకు ‘వాన్’ వదిలేసి రూజ్‌వెల్ట్ అని రాసుకున్నాడు. ఆ పేరుతో ఇద్దరు అధ్యక్షులయ్యారు. మారితే మారింది కానీ, పేరు పోలేదు. వెనక్కి వెళ్లే దారి అక్షరాల్లో మిగిలింది.

పేరు మిగిలిన పాలెం

ఈ పోలికకు తెలుగు నేల మీద ఆధారం ఉంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నం చేరింది. మరుసటి ఏడాది పెటపులి, అంటే నేటి నిజాంపట్నంలో స్థావరం పెట్టింది. 1610లో పులికాట్, తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, కాకినాడ జగన్నాథపురం, లోపలికి ఖమ్మం వైపు నాగులవంచ దాకా గిడ్డంగులు వెలిశాయి. తెలుగు నేతగాళ్ల బట్ట, నీలిమందు ఓడలెక్కాయి. 1687లో గోల్కొండ పడిపోయింది, 1690లో కంపెనీ ముఖ్యస్థానం నాగపట్నానికి మారింది. ఆంగ్లేయులతో 1824లో కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది డచ్చివారు ఈ తీరం ఖాళీ చేశారు.

మచిలీపట్నంలో వారి పేరు మాత్రం ఖాళీ కాలేదు. హాలండ్‌వారు తెలుగు నోట వలందులయ్యారు. వారున్న చోటు వలందపాలెం. ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేటలు దాని తోబుట్టువులు. భీమునిపట్నం, మచిలీపట్నం, పులికాట్ శ్మశానాల్లో వంశచిహ్నాలు చెక్కిన రాళ్ల మీద ఎవరు ఎక్కడ పుట్టారో, ఏ హోదాలో పోయారో రాసి ఉంది. పులికాట్ శ్మశానం ద్వారానికి ఇరువైపులా అస్థిపంజరాల శిల్పాలు కాపలా కాస్తాయి. పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే 1897లోనే మద్రాసు ప్రెసిడెన్సీలోని డచ్చి కట్టడాల మీద పుస్తకం వేసి వీటిని నమోదు చేశాడు.

రాళ్ల కన్నా గట్టివి కంపెనీ కాగితాలు. 1602 నుంచి 1795 వరకు సుమారు పది లక్షల మంది ఆ కంపెనీ ఓడల్లో ఆసియాకు బయల్దేరారు. జీతాల పుస్తకాల్లో ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఉద్యోగం, జీతం, చివరికి ఏమయ్యాడన్నది ఉంటాయి. ముఖ్యంగా 18వ శతాబ్దానికి చెందిన ఏడు లక్షలకు పైగా నమోదులు ఇప్పుడు నెదర్లాండ్స్ జాతీయ అభిలేఖాగారంలో కంప్యూటర్‌లో వెతుక్కోవచ్చు. పాలకొల్లులో జ్వరంతో పోయిన మామూలు నావికుడి ఊరు కూడా దొరికే అవకాశం ఉంది.

ఆ కాగితాల్లో తెలుగు తీరం మనుషులూ ఉన్నారు, ఇంకో రకంగా. కంపెనీ ఈ తీరంలో బానిసల్ని కొని బటావియాకు, ఆఫ్రికా దక్షిణ కొసనున్న కేప్‌కు పంపేది. వారి అసలు పేర్లు తుడిచేసి క్రైస్తవ పేరు, దాని పక్కన ‘వాన్’, ఆపైన ఎక్కడి నుంచి వచ్చారో ఆ చోటు పేరు రాసేవారు. వాన్ బెంగాల్, వాన్ కోరమండల్ అలా పుట్టినవే. 17వ శతాబ్దంలో కేప్ చేరిన ఒక స్త్రీ రికార్డుల్లో కాతరీనా వాన్ పాలియకట్టా, అంటే పులికాట్ కాతరీనా. దక్షిణాఫ్రికాలో స్నైమన్ ఇంటిపేరున్న శ్వేతజాతి కుటుంబాలు తమ మూలపురుషుడిగా చెప్పుకునే క్రిస్టోఫెల్ ఆమె కొడుకు. డచ్చి ఇంటిపేరు మూలం వెతుక్కుంటూ వెళ్లినవారు పులికాట్ ఒడ్డున తేలిన సందర్భమిది. బానిసకు ఇచ్చిన పేరు కూడా ఊరిని మరువలేదు.

రైలు రాసుకోలేదు

ఓడ ఎక్కినవారి సంగతి వేరు, రైలెక్కినవారి సంగతి వేరు. 1860లో ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 వరకు నటాల్‌కు లక్షన్నర మంది ఒప్పందపు కూలీలు వెళ్లారు. వారిలో విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగువారు చాలామంది. ఓడల జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా రాశారు. అది జాలితో కాదు, పారిపోతే పట్టుకోవడానికి. అయినా ఆ జాబితా పట్టుకుని డర్బన్ తెలుగువారు పూర్వీకుల పల్లె వెతుక్కుంటూ వస్తుంటారు. కాలీమాటీకి టికెట్ కొన్నవాడి పేరు ఎవరూ అడగలేదు. స్వదేశంలో వలస వెళ్లిన మనిషికి, సముద్రం దాటిన మనిషికి ఉన్నంత ఆధారం లేకపోవడం చరిత్ర వేళాకోళం.

పేరు ఎలా జారిందో ఒక ఊహా ఉదాహరణతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పొందూరి అప్పారావు అనే మనిషి ఫ్యాక్టరీలో చేరాడనుకుందాం. ఊళ్ళో అయితే పొందూరివారి అప్పారావు. హాజరుపట్టీలో పి. అప్పారావు. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, ఉత్తరాది పద్ధతిలో వెనక. హిందీ గుమాస్తా ఆ పేరును రెండుగా విరిచి ‘అప్పా’ మనిషి పేరు, ‘రావు’ వంశం పేరు అనుకున్నాడు. ముందున్న ‘పి’ చుక్కతో సహా మాయమైంది. కొడుకును బడిలో చేర్చినప్పుడు తండ్రి పేరు చూసి రమేశ్ రావు అని రాశారు. మనవడు రోహిత్ రావు. మూడు తరాల్లో పొందూరు పోయి రావు మిగిలింది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. ఫారంలో ఉన్న గళ్లు అంతే.

విచిత్రమేమంటే రావు, నాయుడు వంటివి మనిషి పేరుకు తగిలే గౌరవ వాచకాలే తప్ప ఇంటిపేర్లు కావు. ఒకే ఇంట్లో అన్న రావు, తమ్ముడు మూర్తి, ఇంకో తమ్ముడు అప్పన్న కావచ్చు. ఈ గందరగోళం బస్తీ మనుషులకే పరిమితం కాదు. దేశ ప్రధానిగా పనిచేసిన పాములపర్తి వెంకట నరసింహారావు విదేశీ పత్రికలకు ‘మిస్టర్ రావు’. నారావారి చంద్రబాబు ‘మిస్టర్ నాయుడు’. బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించి తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి పేరులో ఇంటిపేరు మొదటి ‘వి’లో దాక్కున్న వరాహగిరి. పెద్దవారి విషయంలో పొడి అక్షరాల వెనకున్నదేమిటో పుస్తకాలు చెబుతాయి. చిన్నవారి విషయంలో చెప్పేవారు లేరు.

తెలుగువారికే కాదు, భాలుబాసాకే పేర్లు నిలవని అలవాటు ఉన్నట్లుంది. జార్ఖండ్‌కు 2014 నుంచి 2019 వరకు ముఖ్యమంత్రిగా, ఆ తర్వాత ఒడిశా గవర్నర్‌గా పనిచేసిన రఘువర్ దాస్ చదివింది భాలుబాసా హరిజన్ హైస్కూల్లో. ఆయన కుటుంబం మూలాలు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాయి. తండ్రి టాటా ఫ్యాక్టరీ కార్మికుడు, పేరు చవన్ రామ్. తండ్రి రామ్, కొడుకు దాస్. 2024లో జంషెడ్‌పూర్ తూర్పు స్థానంలో గెలిచిన కోడలు పూర్ణిమా దాస్ సాహు. ఒక ఇంటి మూడు పేర్లూ పక్కపక్కన పెడితే కొత్తవాడికి చుట్టరికం తెలియదు. వలస కార్మికుల ఊళ్ళో వంశం పేరు చూసి కాదు, మనిషిని చూసి గుర్తుపట్టాలి.

కాగితం అడిగే కాలం

ఇదంతా తీరిక కబుర్లలా కనిపించవచ్చు. కానీ జార్ఖండ్‌లో ‘నువ్వెవరు, ఎప్పుడొచ్చావు’ అన్నది రాజకీయ ప్రశ్న. 2000 నవంబరు 15న రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకే స్థానికత మీద ఆందోళనలు రగిలాయి. 2016లో రఘువర్ దాస్ ప్రభుత్వం 1985ను గీటురాయిగా తీసుకుంది. 2022 నవంబరులో అసెంబ్లీ 1932 నాటి భూమి ఖతియాన్‌ను ప్రాతిపదిక చేస్తూ బిల్లు ఆమోదించింది. గవర్నర్ దాన్ని వెనక్కి పంపారు. తరతరాలుగా భూమి కోల్పోయిన ఆదివాసుల వైపు నుంచి చూస్తే ఆ డిమాండ్‌కు కారణాలు బలంగానే ఉన్నాయి. కానీ ఖతియాన్ భూమి ఉన్నవాడికి ఉంటుంది. కొలిమి దగ్గర కూలీ చేసినవాడికి హాజరుపట్టీ తప్ప ఏముంటుంది? నగరంలో 86 బస్తీల యాజమాన్య హక్కుల సమస్య ఎన్నికల తర్వాత ఎన్నికలకు వాయిదా పడుతూ వస్తున్నది ఈ నేపథ్యంలోనే.

రిజర్వేషన్ల దగ్గర చిక్కు ఇంకా గట్టిది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు కులం లేదా తెగగా ఉన్నవారు ఉద్యోగం కోసం వేరే రాష్ట్రానికి వెళ్తే ఆ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది. ఆ పిటిషనర్ కూడా తెలుగువాడే, తండ్రి ఉద్యోగం కోసం మహారాష్ట్ర వెళ్లిన కుటుంబం. ఈ తీర్పు తర్వాత బయటి రాష్ట్రాల్లో ఉన్నవారు సొంత రాష్ట్రంలో ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అందుకు తాత ఊరు తెలియాలి. ఊళ్ళో రెవెన్యూ రికార్డులోని పొందూరి అప్పన్న మనవడే జంషెడ్‌పూర్‌లోని రోహిత్ రావు అని నిరూపించాలి. మధ్యలో జారిపోయిన ‘పి’కి విలువ అప్పుడు తెలుస్తుంది.

పెళ్లి సంబంధాల దగ్గరా అంతే. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం ఉన్నవారు అన్నదమ్ముల వరుస. ఇంటిపేరు తెలియకపోతే వరుస తెలియదు. ఉత్తరాంధ్ర పల్లెకు వెళ్లి ‘రావుగారి అబ్బాయి’ అంటే ఎవరికీ అర్థం కాదు. ‘ఏ ఇంటివాడివి నాయనా’ అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే సొంత ఊళ్ళోనే అతను పరాయివాడు. జంషెడ్‌పూర్‌లో కాగితం లేక పరాయివాడు, పల్లెలో పేరు లేక పరాయివాడు.

అన్నిటి కన్నా ముందు మాయమయ్యేది ఆడవారి పుట్టింటి పేరు. బీహార్, జార్ఖండ్ రికార్డుల్లో పెళ్లికి ముందు ‘కుమారి’, తర్వాత ‘దేవి’ అని చేర్చే అలవాటు ఉంది. దాంతో పుట్టింటి పేరూ ఉండదు, మెట్టినింటి పేరూ ఉండదు. నెదర్లాండ్స్‌లో స్త్రీ పెళ్లయినా చట్టం దృష్టిలో పుట్టిన పేరుతోనే ఉంటుంది. 1998 నుంచి బిడ్డకు తల్లి ఇంటిపేరైనా పెట్టొచ్చు, 2024 జనవరి నుంచి ఇద్దరిదీ కలిపి పెట్టొచ్చు. మనకు రెండు ఇంటిపేర్లు మోయడం దూరపు మాట. ఒక్కటి నిలుపుకోవడమే కష్టమైంది.

అలాగని దారులు పూర్తిగా మూసుకుపోలేదు. భాలుబాసా వంటి బస్తీల్లో పాత ట్రంకు పెట్టెలు తీస్తే శుభలేఖలు దొరుకుతాయి. ఫారంలో గళ్లు ఎన్నున్నా శుభలేఖలో మాత్రం తెలుగువాడు ఇంటిపేరు పూర్తిగా రాయిస్తాడు. ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, ప్రావిడెంట్ ఫండ్ కాగితాలు, తాత చదివిన బడి సర్టిఫికెట్ ఇంకో దారి. గుళ్ళో అర్చనకు చెప్పే గోత్రం సగం ఆచూకీ. ఊరి పేరు తెలిస్తే ఆంధ్రప్రదేశ్ భూమి రికార్డులు ఇప్పుడు కంప్యూటర్‌లో కనిపిస్తాయి. ఇంటిపేరే ఊరి పేరైతే అదీ రెండు మెట్లుగా చూడాలి. అది తాత వదిలిన ఊరు కాకపోవచ్చు, తాతల తాతలు వదిలిన ఊరు కావచ్చు. గురజాడవారి కోసం విజయనగరంలో వెతకాలి, గురజాడలో కాదు.

వీటన్నిటి కన్నా దగ్గరి దారి ఇంట్లోని ముసలివారు. డచ్చి వంశాల సంగతి చెప్పడానికి మచిలీపట్నంలో రాళ్లున్నాయి, హేగ్ నగరంలో పుస్తకాలున్నాయి. భాలుబాసా తెలుగువారి సంగతి చెప్పడానికి ఎనభై దాటిన కొందరు అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నారు. ఏ ఇంటి ఆడపడుచు ఏ ఊళ్ళో ఇచ్చారో, ఏ కరువులో ఎవరు రైలెక్కారో వారికి వేళ్ల మీద లెక్క. వారి నోట ఇంటిపేరు ‘వారు’తో సహా, ఊరి మార్పుతో సహా పూర్తిగా వస్తుంది. ఆ మాటలు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం, ఒక మధ్యాహ్నం చాలు. వలందపాలేనికి రెండు వందల ఏళ్ల ఓపిక ఉంది. నాయనమ్మలకు అంత గడువు లేదు.